కావలి యంత్రముల నిద్ర — యుద్ధయంత్రముల కథ: 9వ భాగము

గత భాగమున రాడారు కథ ముగించుచు, ఆ యంత్రము ముందు రాత్రింబవళ్లు కన్నార్పక కూర్చుండు మనుష్యుడు లేనిదే అది ఒట్టి ఇనుపగూడని చెప్పియుంటిమి. ఈ భాగమున ఆ మనుష్యుడే లేని యంత్రములను గూర్చి ముచ్చటించుకొందము. శత్రుభూమిలో మంచుగట్టుపైననో, కారడవి నడుమనో ఒంటరిగ విడువబడి, తాను కన్నదియు విన్నదియు రేడియో మూలమున దూరస్థులకు తెలుపుచుండు కావలి యంత్రములవి. నేడు వీనిని స్మార్టు పరికరములనియు, ఒకదానితో నొకటి మాటలాడుకొను వాని సముదాయమును నెట్‌వర్కనియు పిలుచుచున్నారు. పేరు కొత్తదే గాని చిక్కు పాతది. అట్టి తావులకు కరెంటు తీగ పోదు. వెంట తెచ్చుకొన్న బ్యాటరీ తీరిననాడు, యంత్రమెంత తెలివిగలదైనను దాని తెలివి యంతయు అంతటితో సరి. కావున ఈ యంత్రముల చరిత్ర యనగా, సగము వాని వినికిడి చరిత్ర, తక్కిన సగము వాని నిద్ర చరిత్ర. వినికిడిని గూర్చి వ్రాసినవారు చాలమంది కలరు. నిద్రను గూర్చి వ్రాసినవారు తక్కువ.

1943 సెప్టెంబరు 18న జర్మనీలోని కీల్ రేవు నుండి యు-537 అను జలాంతర్గామి బయలుదేరి, అట్లాంటిక్ తుపానుల తాకిడికి దెబ్బతినియు వెనుకకు మరలక, అక్టోబరు 22న ఉత్తర అమెరికా ఈశాన్యపు కొనయందలి లాబ్రడార్ తీరమున మార్టిన్ బే అను నిర్జన ప్రదేశమును చేరెను. ఆ నావ తెచ్చినది తుపాకులు గావు, వాతావరణమును కొలుచు యంత్రము. ఆ అక్షాంశములలో గాలివానలు సామాన్యముగ పడమటినుండి తూర్పునకు సాగును గనుక, పడమటి తీరములు చేత నున్న మిత్రపక్షమువారికి రేపటి వాతావరణము నేడే తెలియుచుండెను. ఐరోపాకు రాబోవు మబ్బును జర్మనులు తమ నెత్తిమీదికి వచ్చిన పిమ్మట గాని ఎరుగజాలకుండిరి. ఈ లోటును తీర్చుకొనుటకై సీమెన్స్ సంస్థ మనుష్యుని సాయము లేక తనంత తాను పనిచేయు వాతావరణ కేంద్రములను నిర్మించి ఇచ్చెను. లాబ్రడార్‌లో నెలకొల్పిన దానికి, వెంట వచ్చిన శాస్త్రజ్ఞుడగు డాక్టర్ కుర్ట్ సోమర్‌మేయర్ పేరిట కుర్ట్ అను నామము నిలిచినది.

ఒక్కొక్కటి సుమారు 100 కిలోల బరువు గల పది డబ్బాలను నావికులు రబ్బరు పడవలలో ఒడ్డునకు చేర్చి గట్టుపైకి మోసిరి. ఒక డబ్బాలో కొలపరికరములును, దానికి తగిలించిన 10 మీటర్ల ఆంటెన్నా స్తంభమును ఉండెను. తక్కినవానిలో అధికభాగము బ్యాటరీలే. ఎవరైన చూచినచో అనుమానపడకుండుటకై డబ్బాలపై కెనడియన్ మీటియర్ సర్వీస్ అని లేని సంస్థ పేరొకటి వ్రాసి, చుట్టును అమెరికా సిగరెట్టు పెట్టెలు వెదజల్లి, ఒడ్డు చేరిన 28 గంటలలో పని ముగించుకొని వెడలిపోయిరి. ఈ మాయవేషమును గూర్చి చదివినవారెల్లరు నవ్వుకొందురు, నవ్వదగినదే. కాని ఆ డబ్బాలలో మిక్కిలి విలువైన వస్తువు వేషమును గాదు, రేడియోయును గాదు, గడియారము. ఆ గడియారము మూడేసి గంటల కొకమారు ట్రాన్స్‌మిటరును మేల్కొలిపి, రెండు నిముషములపాటు సంకేతములలో వాతావరణ వార్తను పంపించి, మరల నిద్రపుచ్చుచుండెను. దినమునకు ఎనిమిది మారులు, మొత్తము 16 నిముషములు. మిగిలిన 1,424 నిముషములు ట్రాన్స్‌మిటరు మూగ. బ్యాటరీ డబ్బాల సంఖ్యను బట్టి ఆరు నెలల దాక యంత్రము పనిచేయునని నిర్మాతల అంచనా. అదే ట్రాన్స్‌మిటరు ఎడతెగక మాటలాడినచో ఆ ఆరు నెలల ముడుపు రమారమి రెండు దినములలో హరించిపోయియుండును. అంతేగాక, ఎడతెగక మాటలాడు రేడియోను దిక్కు పసిగట్టు పరికరములతో పట్టుకొనుట శత్రువునకు సులభము. మౌనము బ్యాటరీని కాపాడును, జాడనుగూడ కప్పిపెట్టును. ఈ రెండు లాభములు ఒక్క మీటలో ఇమిడియుండుట మన కథకు మూలకందము.

కుర్ట్ ఆయుర్దాయము మాత్రము అంచనాకు తగినట్లు లేదు. కొద్ది వారములకే అది మూగవోయెను. పిదప యుద్ధము ముగిసినది, దాని సంగతి ఎల్లరు మరచిరి. 1977లో ఆ ప్రాంతమునకు వచ్చిన ఒక భూస్వరూప శాస్త్రజ్ఞుడు దానిని చూచి, ఇది కెనడా సైన్యమువారి దేదో అని భావించి ఊరకుండెను. లేని సంస్థ పేరు ముప్పది నాలుగేండ్ల పిమ్మట కూడ పనిచేసినదన్నమాట! తుదకు సీమెన్స్‌లో పనిచేసి విరమించిన ఒక ఇంజనీరు, సంస్థ చరిత్ర వ్రాయుచు సోమర్‌మేయర్ కాగితములను వెదకి పట్టగా, కెనడా రక్షణశాఖ చరిత్రకారులు 1981లో ఆ గట్టునెక్కి డబ్బాలను గుర్తించిరి. నేడవి ఆటవా నగరమందలి కెనడా యుద్ధ ప్రదర్శనశాలలో నున్నవి.

ఇక కుర్ట్‌ను నెలకొల్పిన నాటినుండి ఇరువదిమూడేండ్లు ముందునకు పోవుదము. 1966 వేసవిలో మసాచుసెట్స్ రాష్ట్రమందలి వెల్స్‌లీ పట్టణమున డానా హాల్ అను బాలికల పాఠశాల భవనములలో, జేసన్ అను పేరుగల శాస్త్రజ్ఞుల బృందము సమావేశమయ్యెను. ఉత్తర వియత్నాముపై అమెరికా విమానములు కురిపించు బాంబుల వలన ఆశించిన ఫలము కలుగుటలేదనియు, లావోస్ అడవులగుండ దక్షిణమునకు హో చి మిన్ మార్గమున సాగుచున్న లారీలును మనుష్యులును నిలుచుట లేదనియు రక్షణమంత్రి రాబర్ట్ మెక్‌నమారాకు స్పష్టమైయుండెను. బాంబులకు బదులు ఆ మార్గమునకు అడ్డముగ ఒక ఎలక్ట్రానిక్ కంచె వేయవచ్చునా అనునది వారి ముందున్న ప్రశ్న. ఆగస్టులో వారొసగిన నివేదికలో కంచెకు నెలనెలకు కావలసిన సరంజామా పట్టిక యొకటి కలదు. రెండు కోట్ల చిన్న మందుపాతరలు, అడుగు పడినంతనే చిటపటమని పేలి సెన్సారుకు వినిపించుటకై రెండున్నర కోట్ల బొత్తాము పేలుడుగుండ్లు, గస్తీ విమానములు 68, మొత్తమున ఏడాదికి సుమారు 80 కోట్ల డాలర్ల వ్యయము. ఈ మహాసంఖ్యల నడుమ మరియొక చిన్న పద్దు చూడుడు: నెలకు 1,600 ధ్వని సెన్సార్లు. దాని ప్రక్కనే, ఇప్పుడు వాడుచున్న బ్యాటరీలు రెండు వారములే నిలుచునన్న లెక్కను బట్టి, అని ఒక షరతు.

పాఠకులు ఈ పద్దు దగ్గర ఒక నిముషము ఆగవలెనని కోరుచున్నాను. నెలకు 1,600 సెన్సార్లు, ఒక్కొక్కదాని ఆయుర్దాయము రెండు వారములు అనగా, ఏ క్షణమున చూచినను అడవిలో సజీవముగ నుండునవి సుమారు 800 మాత్రమే. తక్కిన 800 కొత్త చెవులకై గాక, చచ్చిన చెవుల స్థానమును నింపుటకై పోవునవి. బ్యాటరీ నాలుగు వారములు నిలిచినచో ఆ పద్దు సగమగును. ఎనిమిది వారములైనచో నాలుగవ వంతగును. సెన్సారులోని ఒక మిల్లీ ఆంపియరు ఆదా అగుటకును, శత్రువుల ఫిరంగుల మీదుగ ఒక విమానము పోవలసిన అగత్యము తప్పుటకును నడుమ నున్నది ఒట్టి భాగహారము. నాటివరకు సైనికులు బ్యాటరీని గిడ్డంగి సరుకుగ చూచుచుండిరి. ఈ పద్దుతో అది వ్యూహరచనలోనికి ప్రవేశించినది.

ఈ ప్రణాళికను అమలుపరచుటకు 1966 సెప్టెంబరులో లెఫ్టినెంట్ జనరల్ ఆల్ఫ్రెడ్ స్టార్‌బర్డ్ నాయకత్వమున ప్రత్యేక సంస్థ యేర్పడెను. సముద్రములో జలాంతర్గాములను వినుటకు నౌకాదళమువారు వాడు సోనోబాయ్ అను తేలుడు యంత్రమునే సవరించి, పారాషూటు తగిలించి, చెట్టుకొమ్మల నడుమ వ్రేలాడునట్లు చేసి అకౌబాయ్ అని పేరిడిరి. భూమి అదురును గుర్తించు యాడ్‌సిడ్ అను మరియొక యంత్రము కలదు. అది 31 అంగుళముల పొడవు, 25 పౌండ్ల బరువు గలిగి, ఈటెవలె నేలలో దిగబడి, అడవిమొక్క కాండములవలె చేయబడిన ఆంటెన్నాను మాత్రము పైకి చాచి కూర్చుండెడిది. వీనిని జారవిడుచు పని మొదట నౌకాదళపు వి.ఓ.-67 అను స్క్వాడ్రనుకు అప్పగించిరి. వారి నెప్ట్యూన్ విమానములు సముద్రముపై గస్తీ తిరుగుటకు పుట్టిన నిదానపు విమానములు. సెన్సారు సరియైన తావున పడవలెనన్నచో ఆ నిదానపు విమానము కొండల నడుమ క్రిందుగ ఎగురవలెను. 1968 జనవరి 11, ఫిబ్రవరి 17, ఫిబ్రవరి 27 తేదీలలో, అనగా ఏడు వారములలోపల, పన్నెండు విమానములలో మూడు పోయినవి, వానితో 20 మంది మడిసిరి. పిమ్మట ఆ పనిని వేగముగ పోవు ఫాంటమ్ జెట్ విమానములకు మార్చిరి. ఈ పథకమునకు ఇగ్లూ వైట్ అను సంకేతనామము కలిగెను. మొత్తము మీద దాదాపు 20,000 సెన్సార్లు ఆ అడవిలో పడినవని అంచనా. అన్నియు కంచెను పొడిగించుటకు పడినవి గావు. బ్యాటరీలు కొన్ని వారములకే అడుగంటుచుండుటచేత, పెక్కులు పాతవానికి బదులుగ పడినవే.

బ్యాటరీని ఆదా చేయుటకు నాటి ఇంజనీర్లు పన్నిన ఉపాయములలో రెండు చెప్పదగినవి. మొదటిది, సెన్సారులోని ట్రాన్స్‌మిటరును బలహీనముగ నుంచుట. నేలనుండి వెలువడు ఆ క్షీణధ్వనిని పట్టుటకు ఈసీ-121 అను నాలుగింజన్ల పెద్ద విమానములు, పగలనక రేయనక వంతులవారీగ ఆకసమున చక్కర్లు కొట్టుచు, విన్నదానిని థాయిలాండులోని నఖోన్ ఫనోమ్ కేంద్రమునకు అందించుచుండెడివి. అచట ఐబీఎం 360/65 కంప్యూటర్లు ఆ సంకేతములను పోగుచేసి లారీల వరుస ఎటు పోవుచున్నదో లెక్కగట్టెడివి. సెన్సారు ఆదా చేసిన శక్తి గోరంత. దానికై విమానము త్రాగిన పెట్రోలు కొండంత. లెక్కల పుస్తకమున ఒక పుటలో తగ్గిన ఖర్చు మరియొక పుటలో పెరిగినచో దానిని పొదుపనవచ్చునా అని గుమాస్తా యడుగవచ్చును. సైన్యము అనవచ్చుననియే భావించెను, ఏలయన పెట్రోలు థాయిలాండులో దొరకును, లావోస్ అడవిలో బ్యాటరీ దొరకదు. అయినను ఆ ఖర్చు వారిని బాధింపక పోలేదు. కొంతకాలమునకు ఈసీ-121 స్థానమున బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా అను ఒంటి ఇంజను చిన్న విమానమును, మనుష్యుడు లేకుండ నడుపవచ్చునను ఉద్దేశముతో సిద్ధపరచి, చివరకు ధైర్యము చాలక పైలటునే అందులో కూర్చుండబెట్టి పంపిరి!

రెండవ ఉపాయము దానికంటె దూరము పోయినది. ధ్వనిని పూర్తిగ వినిపించుట బ్యాటరీకి భారము. నేల అదిరినదా లేదా అని చెప్పుట తేలిక. కాబట్టి అకౌసిడ్ అను యంత్రములో రెండింటిని కలిపి, అదురును గమనించు భాగమును మెలకువగ నుంచి, మైక్రోఫోనును నిద్రపుచ్చిరి. అదురు వార్త వచ్చినపుడు కేంద్రమున కూర్చున్నవారు రేడియో ఆజ్ఞ పంపి మైక్రోఫోనును మేల్కొలిపి, అది లారీ ఇంజను చప్పుడో, పిడుగు చప్పుడో తెలిసికొనెడివారు. అల్పశక్తితో వినువాడు మేల్కొనియుండి అధికశక్తి గలవానిని అవసరమైనపుడే లేపుట యను ఈ పద్ధతి, నేటి సెల్‌ఫోనుల వరకు వచ్చిన ప్రతి పొదుపు ఏర్పాటునకును పితామహుడు.

పథకము సఫలమైనదా అన్నచో, నా తీర్పు ప్రతికూలము. సెన్సార్లు చెప్పిన లారీలపై బాంబులు వేసి వేలకు వేలు ధ్వంసమైనవని వైమానికదళము ప్రకటించుచుండగా, తెల్లవారి ఫొటోలు తీసిన విమానములకు ఆ శిథిలములు కానరాకుండెడివి. ధ్వంసమైన లారీలను రాత్రికి రాత్రి మ్రింగివేయు లావోస్ మహాభూత మొకటి కలదని సైనికులే ఎగతాళి చేసికొనిరి. 1973 ఆరంభమున లావోస్‌లో కాల్పుల విరమణ కుదురుటతో ఆ కంచె మూతబడెను. మార్గము మాత్రము మూతబడలేదు.

తరువాతి ఇరువదియేండ్లలో మన విషయమునకు సంబంధించినంతవరకు చెప్పదగినది కొంచెమే. 1978లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున జరిగిన ఒక గోష్ఠి ననుసరించి, అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, చెల్లాచెదరుగ నున్న సెన్సార్లు తమలో తాము మాటలాడుకొని ఒక నిర్ణయమునకు వచ్చునట్లు చేయు ప్రయోగములను ప్రారంభించెను. ఎం.ఐ.టి. లింకన్ ప్రయోగశాలవారు క్రిందుగ ఎగురు విమానములను ధ్వనినిబట్టి కనిపెట్టు యంత్రములను వ్యానులలో నమర్చిరి. ఒక్కొక్క సెన్సారునకు ఒక వ్యాను, దానికి కరెంటునిచ్చుటకు వెనుక నొక జనరేటరు! మైక్రోఫోనులకు తమ జనరేటరు మ్రోతయే వినబడి కొంప ముంచునని, చప్పుడు చేయని జనరేటరును ప్రత్యేకముగ సంపాదించిరి. వినుటకు కావలసిన శక్తియే వినికిడికి శత్రువగుట ఈ కాలపు వింత.

1990 తరువాత చిప్పులు చౌకయైనవి, కథ మరల వేగము పుంజుకొన్నది. లాస్ ఏంజిలిస్‌లో విలియం కైసర్, గ్రెగరీ పాటీ అనువారు, బర్కిలీలో క్రిస్టఫర్ పిస్టర్ అనునతడు, డార్పా ధనసహాయముతో సెన్సారు, ప్రాసెసరు, రేడియో, బ్యాటరీ అను నాలుగింటిని అరచేత పట్టునంతకు కుదించిరి. పిస్టర్ ఒక ఘన మిల్లీమీటరునే గురిగ పెట్టుకొని స్మార్ట్ డస్ట్, అనగా తెలివిగల ధూళి, అని తన పథకమునకు పేరిడెను. యంత్రము చిన్నదైన కొలది బ్యాటరీ చిన్నదగును. బ్యాటరీ చిన్నదైన కొలది శక్తి లెక్క కఠినమగును. 2000లో పాటీ, కైసర్ ప్రకటించిన లెక్క యొకటి ఈ శాస్త్రమున ప్రసిద్ధికెక్కినది: వేయి బిట్ల వార్తను 100 మీటర్ల దూరము రేడియోపై పంపుటకు పట్టు శక్తితో ప్రాసెసరు 30 లక్షల ఆదేశములను నెరవేర్చుకొనగలదు. యంత్రమునకు ఆలోచన చౌక, మాట ఖరీదు. చూచినదెల్ల కేంద్రమునకు నివేదించుట గాక, చూచినదానిని తనలో తాను విచారించుకొని ఫలితమును మాత్రము ఒక్క వాక్యమున చెప్పు యంత్రమే దీర్ఘాయువగును. నఖోన్ ఫనోమ్‌లో గదులు నింపిన కంప్యూటర్లు చేసిన విచారణను సెన్సారు కడుపులోనికే తెచ్చుటకు ఈ లెక్క ప్రోద్బలమిచ్చినది.

దీనిని చేతలలో చూపిన ప్రయోగము 2001 మార్చిలో కాలిఫోర్నియా ఎడారియందలి ట్వెంటీనైన్ పామ్స్ మెరీన్ శిక్షణాస్థలమున జరిగెను. పిస్టర్ బృందమువారు ఒక చిన్న మానవరహిత విమానము నుండి ఆరు సెన్సార్లను బాట ప్రక్కన జారవిడిచిరి. అవి నేలపై పడి, తమ గడియారములను సరిచూచుకొని, ఇనుప వాహనములు పోవునపుడు అయస్కాంత క్షేత్రమున కలుగు చిన్న కలతను గమనించి, ఏ వాహన మెంత వేగముతో ఏ దిక్కునకు పోయినదో తమలో తాము లెక్కగట్టి, ఆ ఫలితమును జ్ఞాపకముంచుకొని మౌనముగ నుండెను. విమానము మరల తలపైకి వచ్చి అడిగినపుడు మాత్రమే ఆ వార్తను అప్పగించెను. ఈసీ-121 రాత్రింబవళ్లు చక్కర్లు కొట్టిన పనిని ఈ బుల్లి విమానము అపుడపుడు వచ్చి చేసికొని పోయినది. ఈ యంత్రములను నడిపిన టైనీ ఓ.ఎస్. అను ప్రోగ్రాము ఆ బర్కిలీవారిదే. దాని కేంద్రభాగము 178 బైట్లలో ఇమిడినది. ఏదైన సంఘటన జరిగినపుడు లేచి, పని ముగియగనే నిద్రపోవుట దాని స్వభావము.

ఐనను నిద్ర మనము తలచినంత సులభము గాదు. మాటలాడుట ఖరీదని తెలిసిన ఇంజనీర్లకు, కొలిచి చూడగా, ఎవరును మాటలాడని వేళ ఊరక చెవియొగ్గి యుండుట కూడ ఇంచుమించు అంత ఖరీదని తేలినది. ఒక లెక్క వేసి చూతము. రెండు పెన్సిల్ సెల్లులలో 2,500 మిల్లీ ఆంపియర్ అవర్ల శక్తి కలదనుకొందము. రేడియో చెవియొగ్గి యున్నంతసేపు 10 మిల్లీ ఆంపియర్లు లాగుననుకొందము. 250 గంటలకు, అనగా పదిదినములు దాటీదాటకముందే, ఒక్క వార్తయైన రాకుండగనే బ్యాటరీ ఖాళీ. అదే రేడియో నూటికి ఒక్కవంతు కాలమే మేల్కొన్నచో, కాగితముమీద రెండున్నరయేండ్లకు పైబడి వచ్చును. కాని నూటికి ఒక్కవంతే మేల్కొను ఇద్దరు ఒకరితో నొకరు మాటలాడుటెట్లు? ఒకడు పిలుచునప్పుడు రెండవవాడు నిద్రలో నుండును. ఈ ముడి విప్పుటకు 2002లో వై యే, జాన్ హైడెమన్, డెబొరా ఎస్ట్రిన్ అనువారు ఇరుగుపొరుగు యంత్రములన్నియు ఒకే వేళకు నిద్రించి ఒకే వేళకు లేచునట్లు ఒప్పందము కుదిర్చిరి. మరికొందరు, పిలుచువాడు తన పిలుపును చాలసేపు పొడిగించినచో, నిద్రలోనివాడు ఎప్పుడో యొకప్పుడు క్షణకాలము కన్ను తెరచి ఆ పిలుపును అందుకొనునని, ఖర్చును పిలుచువాని నెత్తిన పెట్టిరి. ఎపుడో గాని పిలువవలసిన అవసరము లేని కావలి యంత్రములకు ఈ బేరము లాభసాటియైనది.

2002 నాటి ఆ ఒప్పందమునకు రెండేండ్ల ముందు, ఎం.ఐ.టి.లో వెండీ హైంజెల్‌మన్, అనంత చంద్రకాసన్, హరి బాలకృష్ణన్ వేరొక చిక్కును పట్టుకొనిరి. నూరు సెన్సార్లలో ఒకదానిని పెద్దగ నియమించి, తక్కినవెల్ల తమ వార్తను దానికి చెప్పవలెననియు, అది మాత్రమే దూరమున నున్న కేంద్రముతో మాటలాడవలెననియు ఏర్పాటు చేసినచో మొత్తము ఖర్చు తగ్గును. కాని ఆ పెద్దరికము వహించిన యంత్రము అందరికంటె ముందు చచ్చును. అందుచేత జొన్నచేని మంచెపై కావలి కాయుటకు ఇంటిలోని అన్నదమ్ములు రాత్రికొకరుగ వంతు వేసికొనునట్లు, ఆ పెద్దరికమును యంత్రములన్నింటికి వంతులవారీగ తిప్పిరి. లీచ్ అని పేరుగన్న ఈ పద్ధతివలన ఒక యంత్రము అకాలమరణము నొందక అన్నియు ఇంచుమించు ఒకే కాలమున వృద్ధములగును. కవులు దీనిని సమానత్వమని మెచ్చుకొందురేమో గాని, సేనాపతికి కావలసినది కంచెలో కంత పడకుండుట. వంతు తిరుగని కంచెలో మొదటి కంత పడునది పెద్ద యంత్రము దగ్గరనే, అనగా అత్యంత ముఖ్యమైన చోటనే.

నిద్రనే ఆయుర్దాయముగ గల యంత్రమును చంపుటకు శత్రువు దానిని పగులగొట్ట నక్కరలేదని 1999లోనే కేంబ్రిడ్జిలోని ఫ్రాంక్ స్టాజానో, రాస్ ఆండర్సన్ హెచ్చరించిరి. దానితో ఎడతెగక పనికిమాలిన మాటలాడుచు నిద్రపోనీయకుండినచో చాలును, బ్యాటరీ తీరి అదియే చచ్చును. దీనికి వారు పెట్టిన పేరు నిద్రలేమి చిత్రహింస! కాబట్టి సైనిక యంత్రము తన్ను లేపుచున్నవాడు తనవాడా, పగవాడా అని పరీక్షింపవలసియున్నది. ఆ పరీక్షకును శక్తి కావలెను. తలుపు తట్టినవానిని గుర్తుపట్టుటకే ఇంటి నూనె తరుగుచుండు ఈ దుస్థితికి సంపూర్ణ పరిష్కారము నేటికిని లేదు.

ఇంతదాక అడవులలో ఎడారులలో విడువబడిన యంత్రములను చూచితిమి. సైనికుని శరీరము మీదనే తిరుగు యంత్రముల సంగతి యేమి? రేడియో, రాత్రి కన్ను, స్థాన నిర్ణేత, గుండెపై చిన్న తెర. ఒక్కొక్కటి ఒక్కొక్క బ్యాటరీ కోరును. మూడు దినముల కార్యమునకు పోవు సిపాయి రమారమి 70 బ్యాటరీలను, 16 పౌండ్ల బరువును మోయుచున్నాడని అమెరికా సైన్యమువారే చెప్పుకొనిరి. 16 పౌండ్లనగా ఏడు కిలోలకు మించిన బరువు. ఆ బరువు మోయుటకు బదులు నీరు మోసినచో ఎడారిలో కొంతదాక దాహము తీరును. 2003 వసంతమున ఇరాక్ దండయాత్రలో సైన్యపు రేడియోలకు ప్రాణాధారమైన బి.ఏ.-5590 అను లిథియం బ్యాటరీ నిల్వలు ప్రమాదకరముగ తగ్గిపోయెను. యుద్ధము మరికొంత సాగియున్నచో ఏమగునో అని అధికారులు కలవరపడిరి. అంత కరవులోను సగము వాడిన బ్యాటరీలను పారవైచు అలవాటు దళములలో నుండెను. ఎందుకనగా, ఆ బ్యాటరీలో ఇంకెంత మిగిలినదో చూచి తెలిసికొను మార్గము సిపాయికి లేదు. రాత్రి గస్తీకి బయలుదేరునపుడు, నడుమ రేడియో ఆగిపోవునను భయముతో ప్రతిమారును కొత్తదానిని పెట్టుకొనుటయే క్షేమమని దళపతులు నేర్పిరి. ఆ సిపాయిని నేను తప్పుపట్టను. శాస్త్రజ్ఞులు చిప్పులో ఆదా చేసిన నానోవాట్లన్నింటిని మ్రింగివేయునంతటి వృథా, మిగులు ఎంతో చూపించు నాలుగు గీతల గుర్తు లేకపోవుట వలన జరిగినదని గ్రహింపవలెను. తరువాతి బ్యాటరీలకు ఆ గుర్తు తగిలించిరి.

ఇక ఈ కథలో మిక్కిలి నవీనమైన ఘట్టము 2015లో ఎన్-జీరో అను పేరుతో డార్పా ప్రారంభించిన పథకము. వేచియున్న కాలమున సెన్సారు వాడు శక్తిని 10 నానోవాట్లకు, అనగా వాటులో పది కోట్లవ వంతుకు దింపవలెనని వారి లక్ష్యము. పెట్టెలో పెట్టి మరచిపోయిన గడియారపు బ్యాటరీ తనంత తాను క్షీణించు వేగము ఇంచుమించు ఇంతే. వేచియుండు ఖర్చు అంతకు దిగినచో, ఇక యంత్రము బ్రదుకును నిర్ణయించునది బ్యాటరీ వార్ధక్యమే గాని పని గాదు. ఈ పథకము క్రింద బోస్టన్‌లోని నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయమున మాటియో రినాల్డి బృందమువారు 2017లో ప్రకటించిన మీట యొకటి చూడదగినది. కంటికి ఆనని లోహపు కాలొకటి అందులో కలదు. లారీ గొట్టమునుండి వెలువడు వేడిపొగవంటి దానినుండి వచ్చు పరారుణ కిరణములు దానిపై పడినచో, ఆ కిరణముల వేడికే ఆ కాలు వంగి తీగెను తాకును. తాకినంతనే కరెంటు ప్రవహించి యంత్రము మేల్కొనును. అంతవరకు దానిలో కరెంటు బొత్తిగా పారదు. తన్ను లేపువాడే లేచుటకు కావలసిన శక్తిని తెచ్చి ఇచ్చును.

ఈ ఊహకు కూడ ఒక పూర్వగాథ కలదు. 1945 ఆగస్టు 4న మాస్కోలో సోవియట్ బాలురు అమెరికా రాయబారి ఏవరెల్ హారిమన్‌కు కొయ్యపై చెక్కిన అమెరికా రాజముద్రను కానుకగ సమర్పించిరి. రాయబారి నివాసమున గోడకు తగిలించిన ఆ ముద్ర 1952 వరకు అచటి మాటలను రష్యనులకు వినిపించినది. లెవ్ థెరెమిన్ నిర్మించిన ఆ గూఢశ్రవణ యంత్రములో బ్యాటరీ లేదు, తీగ లేదు. సన్నని పొరయొకటి, చిన్న ఆంటెన్నా యొకటి. బయటినుండి రేడియో కిరణము ప్రసరించినపుడు గదిలోని మాటల కనుగుణముగ పొర కదలి, తిరిగి వెళ్లు కిరణమున ఆ కదలికను ముద్రించెడిది. కిరణము లేనివేళ అది ఒట్టి కొయ్యముక్క; అందుచేతనే గాలించినవారికి ఏడేండ్లు దొరకలేదు. 1960లో అమెరికా ప్రతినిధి హెన్రీ కాబట్ లాడ్జ్ దానిని ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో ఎత్తి చూపెను. అది పరుల కిరణముపై బ్రదికినది, రినాల్డి మీట శత్రువు వేడిపై బ్రదుకును. రెండింటిలో రెండవదే మేలైనదని నా అభిప్రాయము, ఎందుకనగా కిరణమును ప్రసరింపజేయువాడు ఏనాటికైన పట్టుబడును, లారీ నడుపువాడు తన ఇంజను వేడిని దాచుకొనలేడు.

వచ్చు భాగమున బ్యాటరీయే లేని యంత్రములనుండి బ్యాటరీయే సర్వస్వమైన యంత్రములకు, అనగా విద్యుత్తుతో నడచు టార్పెడోలకు పోవుదము. ఈలోపల పాఠకులలో సైన్యపు సిగ్నల్ దళములలో పనిచేసి వచ్చినవారు మన తెలుగు జిల్లాలలో పెక్కుమంది కలరు గనుక, వారికొక మనవి. మీరు వీపున మోసిన రేడియో బ్యాటరీ యెంత బరువుండెడిదో, ఎన్ని గంటలు నిలిచెడిదో, దానిని పొదుపు చేయుటకు మీ హవల్దారు మీకేమి నేర్పెనో, రహస్యములు కానంతమట్టుకు, వ్రాసి పంపుడు. పుస్తకములకెక్కని ఆ పద్దులను ఈ ధారావాహిక చివర అనుబంధముగ ప్రకటింతుము.